మడతలోని మర్మం

కోడిగుడ్డును పగలగొట్టి గిన్నెలో పోస్తే తెల్లసొన నీళ్లలా తేటగా ఉంటుంది. దాని గుండా గిన్నె అడుగు కనిపిస్తుంది. అదే గుడ్డును ఉడకబెడితే తెల్లసొన గట్టిపడి సున్నంలా తెల్లబడుతుంది. ఆ తర్వాత ఎంతసేపు చల్లార్చినా అది మళ్లీ తేటగా మారదు. ఉడికేటప్పుడు దానిలో కొత్త పదార్థమేదీ చేరలేదు. మరి మారిందేమిటి? తెల్లసొనలో ఉన్న ప్రొటీన్ల ఆకారం మారింది. చక్కగా ముడుచుకొని ఉన్న ప్రొటీన్లు వేడికి విడిపోయి, ఒకదానికొకటి చిక్కుపడి ముద్దలయ్యాయి.

పొయ్యి మీద జరిగే ఈ చిన్న మార్పుకూ, మన ఇళ్లలోని పెద్దవాళ్ల ఆరోగ్యానికీ దగ్గరి సంబంధం ఉంది. ముసలితనంలో కంట్లో శుక్లం రావడం మనం తరచుగా చూస్తూనే ఉంటాం. అద్దంలా ఉండవలసిన కంటి కటకం మసకబారుతుంది. కొందరు పెద్దలకు జ్ఞాపకశక్తి క్రమంగా తగ్గి, చివరకు కన్నబిడ్డల పేర్లు కూడా గుర్తుకురావు. ఇది అల్జైమర్స్ వ్యాధిలో కనిపించే లక్షణం. మరికొందరికి చేతులు వణుకుతాయి, నడక తడబడుతుంది. అది పార్కిన్సన్స్ వ్యాధి. చూడడానికి ఇవి వేరువేరు జబ్బులు. కాని వీటన్నింటిలోనూ ప్రొటీన్లు ఆకారం తప్పి ముద్దకట్టడం కనిపిస్తుంది. ఇలా ముద్దకట్టకుండా శరీరం తనను తాను ఎలా కాపాడుకుంటుందో పరిశోధించినవారిలో డాక్టర్ సిహెచ్. మోహనరావు ఒకరు. ఆయన హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రంలో పనిచేశారు. ఈ కేంద్రాన్ని అందరూ సి.సి.ఎం.బి. అని పిలుస్తారు.

ఆయన పరిశోధనను అర్థం చేసుకోవాలంటే ముందుగా ప్రొటీన్ల గురించి కొంత తెలుసుకోవాలి. ప్రొటీన్లనే మాంసకృత్తులు అని కూడా అంటారు. పప్పులో, పాలలో, గుడ్లలో ఉండే పోషక పదార్థంగా వీటిని మనం ఎరుగుదుం. కాని ప్రొటీన్లు ఆహారం మాత్రమే కాదు. మన శరీరంలో పనులు చేసే కార్మికులు కూడా అవే. రక్తంలో ప్రాణవాయువును మోసే హీమోగ్లోబిన్ ఒక ప్రొటీన్. అన్నాన్ని అరిగించే ఎంజైములు ప్రొటీన్లు. కండరాలను కదిలించేవి కూడా ప్రొటీన్లే.

ప్రతి ప్రొటీన్ మొదట ఒక దండలా తయారవుతుంది. ఆ దండలోని పూసలే అమైనో ఆమ్లాలు. ప్రధానంగా ఇరవై రకాల పూసలతోనే వేలాది ప్రొటీన్లు తయారవుతాయి. ఏ పూస తర్వాత ఏ పూస రావాలో జన్యువు నిర్ణయిస్తుంది. అయితే దండ తయారైనంత మాత్రాన పని జరగదు. మోదుగ ఆకును బల్లపరుపుగా పరిచి అందులో పులుసు పోస్తే నిలుస్తుందా? దాన్ని మడిచి, పుల్ల గుచ్చి దొన్నెగా కుడితేనే పులుసు నిలుస్తుంది. ఆకు అదే, మడత వల్ల దానికి ఉపయోగం వచ్చింది. ప్రొటీన్ కూడా అంతే. అది తనకు తగిన విధంగా ముడుచుకున్నప్పుడే పని చేయగలుగుతుంది.

ఈ మడత ఎలా పడుతుంది? అమెరికా శాస్త్రజ్ఞుడు క్రిస్టియన్ ఆన్ఫిన్సెన్ ఈ విషయాన్ని పరిశోధించాడు. 124 అమైనో ఆమ్లాలున్న రైబోన్యూక్లియేజ్ అనే ఎంజైమును ఆయన తీసుకున్నాడు. రసాయనాలతో దాని మడతలన్నీ విప్పేశాడు. అది పనిచేయడం మానేసింది. తర్వాత ఆ రసాయనాలను తొలగించాడు. ఎవరూ చెయ్యి వేయకుండానే అది తిరిగి ముడుచుకొని, ఎప్పటిలా పనిచేయసాగింది. అంటే ఏ విధంగా ముడుచుకోవాలన్న సమాచారం పూసల వరుసలోనే ఉందన్నమాట. ఈ కృషికి ఆన్ఫిన్సెన్‌కు 1972లో నోబెల్ బహుమతి లభించింది.

మన దేశం కూడా ఈ రంగంలో వెనుకబడి లేదు. మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, ఆయన సహచరులు 1963లో ఒక పటాన్ని రూపొందించారు. ప్రొటీన్ దండ ఏయే కోణాల్లో మెలి తిరగగలదో, ఏయే కోణాల్లో తిరగలేదో ఆ పటం చూపిస్తుంది. దాన్ని నేటికీ ప్రపంచమంతటా రామచంద్రన్ పటం అనే పిలుస్తున్నారు.

ఆన్ఫిన్సెన్ ప్రయోగం జరిగింది పరీక్షనాళికలో. అందులో ప్రొటీన్‌కు కావలసినంత చోటు ఉంది. జీవకణం లోపల పరిస్థితి వేరు. అక్కడ జాతరలో జనంలా ప్రొటీన్లు కిక్కిరిసి ఉంటాయి. పైగా ప్రొటీన్ దండలోని కొన్ని పూసలకు నీరంటే గిట్టదు. నీళ్లలో వేసిన నూనె చుక్కలు ఒకచోట చేరినట్లు అవి ఒకదానితో ఒకటి చేరాలని చూస్తాయి. ప్రొటీన్ సరిగా ముడుచుకున్నప్పుడు ఈ పూసలు లోపలి వైపు దాగి ఉంటాయి. మడత విడిపోతే బయటపడతాయి. అప్పుడు పక్కనున్న మరో ప్రొటీన్ పూసలకు అతుక్కుంటాయి. అలా ఒకటి, రెండు, పది కలిసి ముద్ద అవుతాయి. ఉడికిన గుడ్డులో జరిగింది ఇదే.

ఇలాంటి ప్రమాదం రాకుండా కణంలో కొన్ని సహాయక ప్రొటీన్లు ఉంటాయి. వాటిని షాపెరోన్లు అంటారు. పూర్వం ఐరోపాలో వయసులో ఉన్న ఆడపిల్ల బయటికి వెళ్లేటప్పుడు తోడుగా వెళ్లే పెద్దావిడను ఆ పేరుతో పిలిచేవారు. తగని సావాసం కలగకుండా చూడడం ఆమె బాధ్యత. కణంలోని ఈ తోడు ప్రొటీన్ల బాధ్యత కూడా అదే. అవి మడత విడిన ప్రొటీన్‌ను పట్టుకొని, ఇతర ప్రొటీన్లతో అతుక్కోకుండా కాపాడతాయి. కొన్ని తోడు ప్రొటీన్లు దాన్ని తిరిగి ముడుచుకునేలా చేస్తాయి. బాగుపడే అవకాశం లేని ప్రొటీన్లను ముక్కలు చేసి పారేసే ఏర్పాటు కూడా కణంలో ఉంది.

ఈ తోడు ప్రొటీన్లలో చాలావాటి జాడ మొదట వేడి వల్లనే తెలిసింది. ఇటలీ శాస్త్రజ్ఞుడు ఫెరుచ్చో రిటోసా పండ్ల ఈగల మీద పరిశోధన చేస్తుండేవాడు. ఒకసారి ఈగలను ఉంచిన పెట్టెలో అనుకోకుండా వేడి పెరిగింది. వాటి కణాలలో కొన్ని జన్యువులు ఒక్కసారిగా చురుకుగా పనిచేయడం ఆయన గమనించాడు. ఈ సంగతిని 1962లో ప్రకటించాడు. వేడి తగిలినప్పుడు ఆ జన్యువులు తయారుచేసే ప్రొటీన్లను తర్వాతి కాలంలో గుర్తించారు. వాటికి ఉష్ణాఘాత ప్రొటీన్లు అని పేరు వచ్చింది. చంద్రపూర్ ఎండలు ఎలా ఉంటాయో ఇక్కడి పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు. మే నెలలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. బల్లార్పూర్ బాట మీద మధ్యాహ్నం పని చేసే మనిషి ఒంట్లోనే కాదు, రోడ్డు పక్కన వేపచెట్టులోనూ, దాని కింద తిరిగే చీమలోనూ ఇటువంటి ప్రొటీన్లు ఉంటాయి. జీవులన్నీ వేడిని తట్టుకోవడానికి పెట్టుకున్న కాపలా ఇది.

ఇప్పుడు కంటి విషయానికి వద్దాం. కంటి కటకానికి ఒక ప్రత్యేకత ఉంది. చర్మం మీది కణాలు రాలిపోయి కొత్తవి పుడుతుంటాయి. కటకం నడిమి భాగంలోని కణాలు అలా మారవు. వాటిలో కేంద్రకం కూడా ఉండదు కనుక కొత్త ప్రొటీన్లు తయారు కావు. తల్లి కడుపులో ఉన్నప్పుడు తయారైన ప్రొటీన్లే ఎనభై ఏళ్ల వయసులోనూ అక్కడ ఉంటాయి. అన్నేళ్లపాటు ఎండనూ, వెలుతురునూ భరిస్తూ అవి తేటగా ఎలా ఉండగలుగుతున్నాయి? కటకంలో ఆల్ఫా క్రిస్టలిన్ అనే ప్రొటీన్ సమృద్ధిగా ఉంది. అది కేవలం కటకాన్ని నింపే పదార్థమని చాలాకాలం అనుకున్నారు. అది తోడు ప్రొటీన్‌గా కూడా పనిచేస్తుందని 1992లో అమెరికాకు చెందిన జోసెఫ్ హార్విట్జ్ నిరూపించాడు.

ఆ వెంటనే మోహనరావు, బి. రామన్, టి. రామకృష్ణ మొదలైన పరిశోధకులు సి.సి.ఎం.బి.లో ఈ ప్రొటీన్‌ను లోతుగా పరిశీలించారు. ఇటువంటి ప్రయోగం చేసే పద్ధతి అర్థం చేసుకోవడం కష్టం కాదు. తేటగా ఉన్న ప్రొటీన్ ద్రావణంలోకి కాంతిపుంజాన్ని పంపుతారు. ప్రొటీన్ మడత విడిపోయేలా చేస్తే అది ముద్దకట్టి, ద్రావణం పాలలా తెల్లబడుతుంది. కాంతి చెదిరిపోతుంది. ఎంత కాంతి చెదిరిందో కొలిస్తే ఎంత ముద్దకట్టిందో తెలుస్తుంది. ఆల్ఫా క్రిస్టలిన్ కలిపి ఇదే ప్రయోగం చేస్తే ద్రావణం తేటగా మిగులుతుంది. ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటాక ఆల్ఫా క్రిస్టలిన్ మరింత సమర్థంగా పనిచేస్తుందని మోహనరావు, రామన్ 1994లో వెల్లడించారు. వేడికి దాని నిర్మాణం కొద్దిగా మారి, లోపల దాగిన నీరు గిట్టని భాగాలు బయటికి వస్తాయి. మడత విడిన ప్రొటీన్‌ను పట్టుకోవడానికి ఉపయోగపడేవి ఆ భాగాలే. అంటే అవసరం పెరిగినకొద్దీ ఈ కాపలాదారు తన చెయ్యి మరింత చాస్తుందన్నమాట.

మరి కాపలాదారుకే దెబ్బ తగిలితే? 1998లో రెండు కుటుంబవ్యాధుల కారణాలు బయటపడ్డాయి. ఆల్ఫా క్రిస్టలిన్‌లో ఏ, బి అని రెండు రకాలున్నాయి. ఏ రకంలో ఒక్క అమైనో ఆమ్లం మారిన కుటుంబంలో పుట్టుకతోనే శుక్లాలు వస్తున్నాయి. బి రకంలో 175 అమైనో ఆమ్లాలున్నాయి. వాటిలో 120వ స్థానంలో ఉండవలసిన ఆర్జినిన్‌కు బదులు గ్లైసిన్ వచ్చిన మరో కుటుంబంలో శుక్లాలతో పాటు కండరాల జబ్బు కూడా వస్తోంది. ఆ మార్పులున్న ప్రొటీన్లను మోహనరావు బృందం ప్రయోగశాలలో తయారుచేసి పరీక్షించింది. వాటి నిర్మాణం మారిందనీ, ఇతర ప్రొటీన్లను కాపాడే శక్తి బాగా తగ్గిందనీ 1999లో ప్రకటించింది. దండలో ఒక్క పూస మారితే ఎంత నష్టం జరుగుతుందో దీనివల్ల తెలుస్తుంది. అదే ఏడాది మోహనరావుకు శాంతిస్వరూప్ భట్నాగర్ బహుమతి లభించింది. తర్వాత ఆయన సి.సి.ఎం.బి. సంచాలకులుగా కూడా పనిచేశారు.

కండరాల జబ్బు అనగానే ఒక సందేహం రావాలి. కంటిలోని ప్రొటీన్‌కు కండరాలతో పనేమిటి? నిజానికి బి రకం క్రిస్టలిన్ కంటికే పరిమితం కాదు. గుండెలో, కండరాలలో, మెదడులో కూడా అది ఉంది. అలెగ్జాండర్ వ్యాధి అనే అరుదైన మెదడు జబ్బులో కనిపించే ముద్దలలో ఈ ప్రొటీన్ ఉన్నట్లు 1989లోనే అమెరికా పరిశోధకులు కనుగొన్నారు. కంటికీ మెదడుకూ మధ్య ఉన్న పోలిక ఇక్కడ గుర్తించాలి. కటకంలోని ప్రొటీన్లలా మెదడులోని నాడీకణాలు కూడా చాలావరకు జీవితాంతం మనతోనే ఉంటాయి. పాతవి పోయి కొత్తవి రావడం చాలా తక్కువ. అందువల్ల అక్కడ పేరుకున్న చెత్త అక్కడే నిలిచిపోయే ప్రమాదం ఎక్కువ.

మెదడులో పేరుకునే ఆ ముద్దలను వర్ణించినవారిలో జర్మనీ వైద్యుడు అలోయిస్ అల్జైమర్ ఒకడు. మతిమరుపుతో బాధపడి మరణించిన ఒక స్త్రీ మెదడును ఆయన సూక్ష్మదర్శినిలో పరిశీలించాడు. నాడీకణాల మధ్య ముద్దలూ, కణాల లోపల చిక్కుపడిన పోగులూ కనిపించాయి. 1906లో ఆయన ఈ విషయాన్ని వైద్యుల సభలో వివరించాడు. ఆ ముద్దలలో ఉన్నది అమైలాయిడ్ బీటా అనే చిన్న ప్రొటీన్ ముక్క అని తేలడానికి 1984 దాకా పట్టింది. చిక్కుపడిన పోగులలో ఉన్నది టౌ అనే మరో ప్రొటీన్. పార్కిన్సన్స్ వ్యాధిలో పేరుకునే ముద్దలలో ఆల్ఫా సిన్యూక్లిన్ అనే ప్రొటీన్ ఉందని 1997లో తెలిసింది. మడత తప్పిన ప్రొటీన్ మరో ప్రొటీన్‌ను కూడా తనలా మార్చగలదని స్టాన్లీ ప్రూసినర్ ప్రియాన్ల విషయంలో చూపించాడు. ఆయనకు అదే ఏడాది నోబెల్ బహుమతి వచ్చింది. అయితే అల్జైమర్స్, పార్కిన్సన్స్ వ్యాధులు తాకితే అంటుకునేవి కావు. రోగి పక్కన కూర్చోవడానికీ, కలిసి భోజనం చేయడానికీ భయపడనక్కరలేదు.

ఈ అమైలాయిడ్ పోగులు పెరగకుండా కంటి కాపలాదారు ఆపగలదా? సి.సి.ఎం.బి. పరిశోధకులూ, జపాన్‌లోని ఒసాకా విశ్వవిద్యాలయం పరిశోధకులూ కలిసి ఈ ప్రశ్నను పరీక్షించారు. బి రకం క్రిస్టలిన్ సమక్షంలో అమైలాయిడ్ బీటా పోగులు పెరగడం ఆగిపోతుందని 2005లో ప్రకటించారు. ఇది ప్రయోగశాలలో తేలిన సంగతి. దీన్ని మందుగా మార్చడం అంత సులభం కాదు. కాని మన శరీరంలోనే ఈ రోగాన్ని ఎదిరించే శక్తి ఒకటి ఉందని ఇది తెలియజేసింది. వయసు పెరిగేకొద్దీ మడత తప్పే ప్రొటీన్లు పెరుగుతాయి, కాపలా బలహీనపడుతుంది. ఈ జబ్బులు ముసలితనంలోనే ఎక్కువగా రావడానికి ఇదొక కారణమని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు.

శుక్లాన్ని శస్త్రచికిత్సతో తీసివేసి కొత్త కటకాన్ని అమర్చవచ్చు. మెదడుకు అటువంటి ఉపాయం లేదు. అమైలాయిడ్‌ను తొలగించే లెకానెమాబ్ అనే మందుకు 2023లో అమెరికా పూర్తి అనుమతి ఇచ్చింది. అది జబ్బు తొలిదశలో ఉన్నవారికి మాత్రమే పనికివస్తుంది. జబ్బు వేగాన్ని కొంత తగ్గిస్తుంది కాని నయం చేయదు. ముద్దలే జబ్బుకు మూలకారణమా, లేక మరేదైనా ఉందా అన్న చర్చ కూడా ఇంకా ముగియలేదు. 2023లో ప్రచురితమైన ఒక అధ్యయనం ప్రకారం మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో సుమారు 88 లక్షలమంది మతిభ్రంశంతో బాధపడుతున్నారు. అందువల్ల ఈ పరిశోధనల అవసరం ఎంతో ఉంది.

హైదరాబాదులోనే జరిగిన మరో పరిశోధన మన పిల్లలకు ప్రత్యేకంగా ఆసక్తి కలిగిస్తుంది. నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు 648 మంది మతిభ్రంశ రోగుల వివరాలు పరిశీలించారు. ఒకే భాష మాట్లాడేవారి కంటే రెండు భాషలు మాట్లాడేవారిలో జబ్బు లక్షణాలు సుమారు నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలయ్యాయని 2013లో తెలిపారు. చదువు రానివారిలో కూడా ఈ తేడా కనిపించింది. రెండో భాష ప్రొటీన్ల మడతను సరిచేస్తుందని దీని అర్థం కాదు. భాషలను మార్చి మార్చి వాడే అలవాటు వల్ల మెదడు నష్టాన్ని ఎక్కువకాలం తట్టుకోగలుగుతుందని పరిశోధకుల అభిప్రాయం. ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ, హిందీ మాట్లాడే చంద్రపూర్ పిల్లలకు భాషలు బరువు కావు, బలం.

పెద్దలు చెప్పిన మాటే మళ్లీ మళ్లీ చెబుతుంటే చాదస్తమని విసుక్కోవడం, దారి తప్పితే కోప్పడటం కొన్ని ఇళ్లలో జరుగుతుంటుంది. వయసుతో కొంత మరుపు సహజమే. కాని అన్నం తిన్న సంగతి కూడా గంటలో మరచిపోతుంటే, తెలిసిన వీధిలోనే దారి తప్పుతుంటే అది వారి తప్పు కాదు, మొండితనమూ కాదు. వైద్యుడికి చూపించవలసిన జబ్బు లక్షణం. అటువంటివారిని పరీక్ష పెట్టినట్లు ప్రశ్నించకూడదు. పక్కన కూర్చొని మన పేరు మనమే చెప్పి, నెమ్మదిగా మాట్లాడాలి. కణం లోపల దెబ్బతిన్న ప్రొటీన్‌ను కాపాడే తోడు ఉన్నట్లే, ఇంట్లో దెబ్బతిన్న మనిషికీ ఒక తోడు ఉండాలి. మందు దొరికేదాకా ఆ తోడు కుటుంబమే.

అభ్యాసం

1. పచ్చి తెల్లసొనకూ ఉడికిన తెల్లసొనకూ తేడా ఎందువల్ల వస్తుంది?
2. ప్రొటీన్ మడతను దొన్నెతో ఎందుకు పోల్చారు? ఇటువంటి మరో పోలికను మీరు చెప్పండి.
3. ఆన్ఫిన్సెన్ ప్రయోగం వల్ల తెలిసిన విషయం ఏమిటి?
4. మోహనరావు బృందం ఆల్ఫా క్రిస్టలిన్ గురించి కనుగొన్న విషయాలను మీ సొంత మాటల్లో రాయండి.
5. కంటి కటకానికీ మెదడుకూ ఉన్న పోలిక ఏమిటి?
6. మీ ఇంట్లో, మీ వాడలో ఎవరెవరు ఎన్ని భాషలు మాట్లాడతారో అడిగి తెలుసుకొని ఒక పట్టిక తయారుచేయండి.